పంచేశ్వర్ మహశీర్ క్యాంపు: నాలుగు రోజులు ఉండి వచ్చాక నా రివ్యూ

మార్చి ఆఖరి వారంలో నేనూ మా బావమరిదీ ఉత్తరాఖండ్‌లో, నేపాల్ సరిహద్దులో ఉన్న పంచేశ్వర్ దగ్గర, కాళీ నది ఒడ్డున ఒక ఫిషింగ్ క్యాంపులో నాలుగు రోజులు ఉండి వచ్చాం. మహశీర్‌ని గాలంతో పట్టి మళ్లీ అదే నీళ్లలో వదిలేసే క్యాంపు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లు అందరూ అడిగేది ఒక్కటే, ఎన్ని పడ్డాయి, ఎంత పెద్దవి పడ్డాయి అని. ఇద్దరికీ కలిపి మూడు పడ్డాయి. ఆ అంకె చూసి క్యాంపు మంచిదో కాదో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేప మీద ఒక వ్యాపారం నడుస్తున్నప్పుడు, పడిన చేప తిరిగి నీళ్లలోకి ఎలా వెళ్లిందో ముందు చూడాలి. ఆ విషయంలో వాళ్లు కొన్ని చాలా బాగా చేస్తున్నారు, కొన్ని అస్సలు బాగా చేయడం లేదు. రెండూ రాస్తాను. క్యాంపు పేరు మాత్రం రాయను. ఫిర్యాదులన్నీ వాళ్లకి నేరుగా చెప్పే వచ్చాను, మార్చుకోవడానికి టైమ్ ఇవ్వడం న్యాయం. మీరు ఆ నది మీద ఏ క్యాంపుకి వెళ్లినా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరు లేకపోయినా పనికొస్తుంది.

ముందు చేప గురించి రెండు మాటలు. మహశీర్ అంటే మనకి తెలియని చేప అనుకుంటాం గానీ, శృంగేరి వెళ్లిన వాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. మఠం వెనక తుంగ మెట్ల దగ్గర మరమరాలు వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తాయి చూడండి నల్లగా పెద్ద పెద్ద చేపలు, అవి మహశీర్‌లే. అక్కడివి దక్షిణాది రకం, నీలి రెక్కల మహశీర్. ఆ రకానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1839లో, పుణె దగ్గర ముళా-ముఠా నదిలో దొరికిన చేపల్ని చూసి. ఆ నీళ్లు భీమాలో కలిసి, భీమా మన కృష్ణలో కలుస్తుంది, అంటే మనకి మరీ దూరపు చుట్టం కూడా కాదు. హిమాలయాల్లో ఉండేది బంగారు మహశీర్, టోర్ పుటిటోరా. 1822లోనే దానికి ఆ పేరు పెట్టారు. మన బొచ్చె, శీలావతి కుటుంబమే, అదే కార్ప్ జాతి. కానీ చెరువులో పెరిగే చుట్టాలకీ దీనికీ పోలికే లేదు. రాళ్ల మీంచి దూకే నీళ్లలో, ఎదురీదుతూ బతికే చేప ఇది. మూతికి నాలుగు మీసాలు, దళసరి పెదాలు, నోట్లో పళ్లు ఉండవు, గొంతులో ఉంటాయి, తిన్నదాన్ని అక్కడే నలిపేస్తుంది. నాచు తింటుంది, పురుగులు తింటుంది, చిన్న చేపల్ని తింటుంది, ఒడ్డు మీద చెట్ల నుంచి పడిన పళ్లూ తింటుంది. పేరు ఎలా వచ్చిందన్నదాని మీద అక్కడ ఎవరి కథ వాళ్లకి ఉంది, పెద్ద తల అని ఒకరు, పెద్ద పొలుసులని ఒకరు, చేపల్లో పులి అని ఇంకొకరు. నదికి అవతల నేపాల్ వైపు దీన్ని సహర్ అంటారు.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఢిల్లీ నుంచి తనక్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి జీపు. తనక్‌పూర్ నుంచి చంపావత్ 75 కిలోమీటర్లు, లోహాఘాట్ ఇంకో 14, అక్కడి నుంచి పంచేశ్వర్ దాదాపు 40. లోహాఘాట్‌లో దేవదారు చెట్ల కింద స్వెటర్ వేసుకుని టీ తాగి బయల్దేరితే, ఆ ఆఖరి 40 అంతా కిందికి దిగుడే, చెవులు మూసుకుపోయి, స్వెటర్ విప్పేసి, నది దగ్గరికి వచ్చేసరికి చెమట పడుతుంది. కొండచరియలు పడే రోడ్డు కాబట్టి ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోండి. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి, సరిహద్దు కదా, సశస్త్ర సీమా బల్ వాళ్లు అడుగుతారు. ఇంకొకటి, నది పక్కకి వెళ్లగానే ఫోను నేపాల్ టవర్ పట్టుకుని గడియారం పావుగంట ముందుకి వెళ్లిపోతుంది. పొద్దున్న ఐదున్నరకి గైడ్ రమ్మంటే మేం మొదటి రోజు ఐదుంబావుకే వెళ్లి చీకట్లో కూర్చున్నాం.

పంచేశ్వర్‌లో కాళీ నదిలో సరయూ కలుస్తుంది. కాళీ మంచు కరిగిన నీరు, చల్లగా, పాలు కలిపినట్టు పచ్చగా ఉంటుంది. సరయూ వానల మీద, ఊటల మీద బతికే నది, తేటగా, కొంచెం వెచ్చగా ఉంటుంది. కలిసిన తర్వాత కూడా కొంత దూరం రెండు రంగులూ పక్కపక్కనే నడుస్తాయి. ఇదంతా చూడటానికి బాగుండటం వేరే సంగతి, మహశీర్ కథ అంతా ఆ గీత మీదే ఉంది. వానాకాలంలో పెద్ద చేపలు కాళీని వదిలి సరయూ లాంటి ఉపనదుల్లోకి ఎక్కి, లోతు తక్కువ ఉన్న గులకరాళ్ల మీద గుడ్లు పెడతాయి. ఆ ఎగువ దారి తెరిచి ఉంటేనే వచ్చే తరం ఉంటుంది. అందుకే ఆ నెలల్లో గాలం వేయరు. సీజన్ అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్. ఎవరైనా జూలైలో కూడా పట్టిస్తామంటే ఆ క్యాంపుకి వెళ్లొద్దు. ఈ కాళీ నీళ్లు కింద మైదానంలో శారదగా పేరు మార్చుకుని, ఘాఘ్రాలో కలిసి, అయోధ్య దగ్గర మనం సరయూ అని దణ్ణం పెట్టుకునే నదిగా వెళ్తాయి. ఆ మాట చెప్తే మా అత్తగారు ఈ ట్రిప్ మొత్తాన్నీ క్షమించేశారు.

క్యాంపు విషయానికి వస్తే, గుడారాలు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూములు బాగున్నాయి, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇస్తారు. మనిషికి రోజుకి 6,500 తీసుకున్నారు, తిండి, గైడ్, పర్మిట్ అన్నీ కలిపి. పర్మిట్ కాగితం చూపించమని అడిగి చూడండి, మాకు అడగ్గానే చూపించారు. తిండి మాత్రం నేను ఊహించనంత బాగుంది, ఎందుకంటే పనీర్ బటర్ మసాలా పెట్టకుండా వాళ్లు తినేదే మాకూ పెట్టారు. మండువా రొట్టె అంటే రాగి రొట్టే. గహత్ పప్పు అంటే ఉలవలు, మన ఉలవచారు అంత చిక్కగా ఉండదు గానీ ఆ వాసన ముక్కుకి తగలగానే బావమరిది కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఝంగోరా అని ఊదలతో చేసిన పాయసం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాం. భంగ్ గింజల చట్నీ భయపడకుండా తినండి, అది మత్తు ఎక్కదు, నువ్వుల పచ్చడికి దగ్గరగా ఉంటుంది.

చేపల కూర పెట్టరు. మొదటి రాత్రే బావమరిది నెమ్మదిగా నా దగ్గర మొదలుపెట్టాడు. "ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, పట్టింది పట్టినట్టు వదిలేయడమేంటి బావా? గోదావరి ఒడ్డున పుట్టినోడివి, నువ్వే చెప్పు." నేను భద్రాచలం దగ్గర పుట్టి పెరిగాను, చిన్నప్పుడు ఎర్రలు గుచ్చిన గాలంతో పొద్దంతా ఒడ్డున కూర్చునేవాణ్ణి, పట్టిన చేప పులుసులోకే వెళ్లేది, అందులో తప్పేం లేదు కూడా. కానీ అప్పుడు మేం పట్టినవి ఏడాదికి ఏడాది మళ్లీ నిండే చేపలు. మహశీర్ అలా కాదు. మెల్లగా పెరుగుతుంది, గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఏళ్లు పడుతుంది, బాగా పెద్దవి ఎక్కువగా ఆడవే. అంటే పెద్ద చేపని తింటే ఆ నదికి తల్లిని తీసేసినట్టే. ఇదే చెప్పాను వాడికి. "అయితే అసలు పట్టడమెందుకు?" అన్నాడు. అది సరైన ప్రశ్న. దానికి జవాబు నాకు ఆ రోజు పూర్తిగా తెలియదు, మూడో రాత్రి దొరికింది.

ఇప్పుడు అసలు సర్వీస్, అంటే మా గైడ్. యాభై దాటిన మనిషి, ఆ పక్క ఊరే. కుమావూఁలో అన్నని దాజ్యూ అంటారు, మేమూ అలాగే పిలిచాం. మొదటి రోజు పొద్దున్న మా చేతికి రాడ్ ఇవ్వకుండా ఒక గంట సేపు నీళ్లని చూపించాడు. పెద్ద రాయి వెనక నీరు నెమ్మదించే చోటు, ఉరవడి సన్నబడి లోతులోకి దిగే చోటు, రెండు రంగుల నీళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే గీత. చేప అక్కడ ఎందుకు నిలబడుతుందో చెప్పాడు, కష్టపడకుండా నిలబడి, నీళ్లు మోసుకొచ్చేది తింటుంది అని. తర్వాత ఒక నకిలీ ఎర, తళతళలాడే రాగి స్పూన్ లాంటిది, తన సొంత డబ్బాలోంచి తీసి కట్టాడు. దానికి ఒకే కొక్కెం ఉంది, కొక్కెం లోపల ఉండాల్సిన ఎదురుముల్లుని పటకారుతో నొక్కి చదును చేసేశాడు. నా వేలు పట్టుకుని ఆ చదునైన చోట రుద్ది చూపించాడు. "ఇది లేకపోతే చేప జారిపోతుంది కదా దాజ్యూ" అన్నాను. లైన్ బిగువుగా ఉంచితే జారదు, వదులు చేస్తే జారుతుంది, అప్పుడు అది మీ తప్పు, చేప తప్పు కాదు అన్నాడు.

రెండో రోజు నాకు ఒకటి తగిలి పోయింది. పోయింది అనే మాట సరిపోదు. రాడ్ చేతిలోంచి ఎవరో గుంజుకున్నట్టయింది, రీల్ కీచుమని అరుస్తూ లైన్ పరుగులు తీసింది, చేప పైకి ఎగరదు, నేరుగా కిందికి, ఉరవడిలోకి దూసుకుపోతుంది, నేను కంగారులో నాలుగు అడుగులు రాళ్ల మీద పరుగెత్తి లైన్ వదులు చేశాను, అంతే, అయిపోయింది. మొత్తం పదిహేను సెకన్లు కూడా ఉండదు. చేతులు మాత్రం టీ తాగేదాకా వణుకుతూనే ఉన్నాయి.

మూడో రోజు సాయంత్రం, సరయూ వైపు, పడింది. దాజ్యూ అంచనా మూడు కిలోలు. ఒడ్డు దగ్గరికి వచ్చాక అతను చేసిన పని ఈ రివ్యూలో నేను ఇచ్చే ప్రతి మార్కుకీ కారణం. ముందు తన రెండు చేతులూ నీళ్లలో ముంచాడు. మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుని, చేపని పైకి ఎత్తకుండా, కడుపు కింద ఒక చెయ్యి, తోక మొదట్లో ఇంకో చెయ్యి పెట్టి, దాని మూతి ఏటికి ఎదురు తిప్పాడు. కొక్కెం ఒక్క మెలికతో వచ్చేసింది. తర్వాత నన్ను పట్టుకోమన్నాడు. వీపు ఆకుపచ్చ, పక్కలు పాత బంగారు గాజుల రంగు, ఒక్కో పొలుసు నా బొటనవేలి గోరు కంటే పెద్దది, ప్రతి పొలుసు అంచుకీ సన్నగా నల్లటి గీత. రెక్కలు కుంకుమపువ్వు కలిపిన పాల రంగు. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఆ కదలిక నా అరచేతికి తెలుస్తోంది, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. బావమరిది ఫోటో తీశాడు, ఒక్కటే, చేప నీళ్లలో ఉండగానే. దాజ్యూ వదలమని చెప్పలేదు. ఆగండి, అదే చెప్తుంది అన్నాడు. ఒక నిమిషం అయ్యుంటుంది, తోక ఒక్కసారి బలంగా కొట్టి, నా మొహం మీద నీళ్లు చల్లి వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో కూడా చూడలేదు, అంత తేట నీళ్లలో ఒక్క క్షణంలో రాయి రంగులో కలిసిపోయింది.

సరిగ్గా ఈ పనిలోనే, దాజ్యూ లేని చోట, క్యాంపుకి నేను చాలా తక్కువ మార్కులు వేశాను. దాజ్యూ డబ్బా అతని సొంతం. క్యాంపువాళ్లు అతిథులకి ఇచ్చే డబ్బాలో అన్నీ మూడు ముళ్ల కొక్కేలే, ఎదురుముళ్లతో సహా. ఒక్కో ఎరకి రెండేసి, అంటే ఆరు ముళ్లు. అవి ఒకటి నోట్లో, ఇంకొకటి కంటి దగ్గరో మొప్ప దగ్గరో దిగితే ఆ చేపని వదిలినా బతుకుతుందన్న నమ్మకం ఉండదు. వల కూడా పాత నైలాన్ వల, ముడులున్నది. ఆ ముడులు చేప ఒంటి మీది జిగురుని గీకేస్తాయి, ఆ జిగురే దానికి కవచం, అది పోయిన చోట బూజు పడుతుంది. రబ్బరు వలలు వచ్చి చాలా ఏళ్లయింది, ఖరీదు కూడా వాళ్లు ఒక అతిథి దగ్గర ఒక్క రోజుకి తీసుకునే డబ్బు కంటే తక్కువే. మా పక్క గుడారాల్లో దిగిన ఒక గ్రూపుకి రెండో రోజు మధ్యాహ్నం మంచి చేప పడింది. దాన్ని ఆ వలతో ఎత్తి, ఎండకి కాగిన రాయి మీద పెట్టి, మొప్పలో వేళ్లు దూర్చి వేలాడదీసి, ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు దిగారు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, నాలుగు నిమిషాలు దాటింది. ఊపిరి బిగబట్టి నాలుగు నిమిషాలు పరుగెత్తమంటే మనకి ఎలా ఉంటుందో ఆ చేపకీ అలాగే ఉంటుంది, అది అప్పటికే పోరాడి అలిసిపోయి వచ్చింది. వాళ్లతో ఉన్న కుర్ర గైడ్ రెండుసార్లు చాలు సర్, చాలు సర్ అన్నాడు, మేనేజర్ పక్కనే ఉండి కూడా మాట్లాడలేదు. వదిలాక చేప పక్కకి ఒరిగి, ప్రవాహంలో అలాగే కిందికి పోయింది. బతికిందో లేదో చెప్పలేను.

రాత్రి మేనేజర్‌తో కూర్చుని మాట్లాడాను. అతిథులు బాధపడతారు సర్, మళ్లీ రారు అన్నాడు. నేను అన్నది ఒకటే, చేప లేకపోతే ఏ అతిథీ రాడు. వచ్చిన మొదటి గంటలో గుడారం జిప్పు ఎలా వేసుకోవాలో చెప్పారు, క్యాంప్‌ఫైర్ టైమింగ్స్ చెప్పారు, చేపని ఎలా పట్టుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. దాజ్యూ దగ్గర పడ్డాం కాబట్టి మాకు తెలిసింది, వేరే గైడ్ దగ్గర పడినవాళ్లకి తెలియలేదు. సర్వీస్ అనేది ఎవరు దొరికారన్న అదృష్టం మీద ఆధారపడకూడదు. కావేరిలో నీలి రెక్కల మహశీర్ మీద పరిశోధన చేసినవాళ్లు కూడా తేల్చింది ఇదే దారిలో ఉంది, జాగ్రత్తగా పట్టి త్వరగా వదిలితే ఈ చేప తట్టుకుంటుంది అని. ఆ జాగ్రత్త అనే మాట మీదే మొత్తం వ్యాపారం నిలబడి ఉంది.

బావమరిది అడిగిన ప్రశ్నకి జవాబు మూడో రాత్రి దొరికిందన్నాను కదా. పదకొండు దాటింది, నేను బయట కుర్చీలో ఉన్నాను, దూరంగా దిగువ నుంచి ఒక శబ్దం వచ్చింది, ధబ్ అని, బరువుగా, చెవికంటే ముందు ఛాతీకి తగిలేలా. రోడ్డు పనుల బ్లాస్టింగ్ అనుకున్నాను. దాజ్యూ అప్పటికే టార్చ్ తీసుకుని నిలబడ్డాడు, రోడ్డు పని రాత్రి చేయరు అన్నాడు. అతనూ, క్యాంపు జీతం ఇచ్చి పెట్టుకున్న ఇంకో ఇద్దరు ఊరివాళ్లూ ఒడ్డు వెంట కిందికి వెళ్లారు, తిరిగొచ్చేసరికి రెండున్నర అయింది. ఎవరూ దొరకలేదు. హిమాలయ నదుల్లో మందుగుండు వేసి, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కరెంటు పెట్టి చేపలు పట్టడం కొత్తేం కాదు. అలా చేస్తే ఆ మడుగులో పెద్దదీ చిన్నదీ అన్నీ పోతాయి, ఎక్కువ భాగం అడుక్కి మునిగి వాళ్లకీ దొరకవు. ఆ ముగ్గురూ ప్రతి రాత్రీ వంతుల వారీగా ఆ ఒడ్డున తిరుగుతారు. మేం కట్టిన డబ్బులో వాళ్ల జీతం ఉంది. పొద్దున్న టీ దగ్గర ఇది చెప్తే బావమరిది కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే బావా, పులుసు రాజమండ్రిలో తిందాం" అన్నాడు.

గాలం వేసేవాళ్ల డబ్బుతోనే ఒడ్డున కాపలా నిలబడుతుందని నేను ఊరికే అనడం లేదు, కావేరిలో జరిగింది చూడండి. మూపురం మహశీర్ అని అక్కడ ఒక రకం ఉంది, వీపు ఎత్తుగా ఉంటుంది, ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో గాలం పట్టుకుని వచ్చేవారు దాని కోసం. 1946లో మైసూరు ప్రాంతంలోని కబిని నదిలో పట్టిన 120 పౌన్ల చేపని, అంటే 54 కిలోలు దాటినదాన్ని, ఇప్పటికీ రికార్డుగా చెప్పుకుంటారు. అంత పేరున్న చేపకి సరైన శాస్త్రీయ నామం ఏదో తేలింది 2018లో! కేరళలోని పాంబార్ నదిలో దొరికిన చేపకి 2007లో పెట్టిన టోర్ రెమాదేవి అనే పేరే దీనిదీ అని అప్పుడు కలిపారు. అదే ఏడాది అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులోకి వెళ్లింది. ఈలోగా ఏం జరిగిందంటే, నదిని నింపుదామన్న మంచి ఉద్దేశంతోనే హేచరీల్లో పెంచిన నీలి రెక్కల మహశీర్ పిల్లల్ని తెచ్చి కావేరిలో వదిలారు, అవి పెరిగి ఆక్రమించాయి, అసలు చేప మూలకి పోయింది. అభయారణ్యం పరిధిలో ఉన్న క్యాంపుల్లో గాలాలు ఆపేశాక, ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టి తర్వాత కాపలా మనుషులుగా మారినవాళ్లకి పని పోయిందని, ఒడ్డున కాపలా పలచబడిందని ఆ నదిని ఏళ్ల తరబడి చూసిన శాస్త్రవేత్తలు రాశారు. గాలం వేయనివ్వడం అన్ని చోట్లా మంచిదని నేను అనను. కానీ ఒడ్డున మనిషి లేని నదికి ఏమవుతుందో ఆ ముగ్గురి టార్చ్ వెలుగు చూశాక నాకు అర్థమైంది.

పంచేశ్వర్ గురించి ఇంకో భయం కూడా ఉంది. 1996లో భారత్, నేపాల్ సంతకాలు చేసిన మహాకాళి (కాళీ నదికి నేపాల్‌లో పేరు) ఒప్పందంలో ఇక్కడ కట్టాలనుకున్న డ్యామ్ ఉంది, 300 మీటర్లకి పైగా ఎత్తు. ఇంకా కట్టలేదు. కడితే ఆ రెండు రంగుల గీత, గులకరాళ్ల రేవులు, చౌము దేవుడి గుడి కింద మేం కూర్చున్న ఒడ్డు అన్నీ నీటి అడుగునే. చేపకి ఎగువకి దారి ఉండదు. కరెంటు వద్దని చెప్పే అర్హత నాకు లేదు, ఏసీ వేసుకునే రాస్తున్నాను, కానీ చూడాలనుకునేవాళ్లు ముందు వెళ్లి రండి అని మాత్రం చెప్పగలను. చౌము పశువుల్ని కాపాడే దేవుడు, ఆ గుడికి గంటలు కడతారు, పాలు పోస్తారు. దాజ్యూ సీజన్ మొదట్లో అక్కడ దణ్ణం పెట్టుకున్నాకే రాడ్ ముట్టుకుంటాడట.

చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. వెబ్‌సైట్‌లో చేప గ్యారెంటీ అని రాసుకున్నారు, అది తీసేయాలి, ఆ మాట వల్లే అతిథులు గైడ్‌ల మీద పడతారు, గైడ్‌లు ఒత్తిడిలో బతికున్న చిన్న చేపల్ని ఎరగా గుచ్చుతారు. మూడో రోజు ఖాళీగా పోతోందని మాకూ ఒకరు ఆ మాట అన్నారు, దాజ్యూ వద్దన్నాడు. రాళ్ల మధ్య తెగిపోయిన లైన్ ముక్కలు చాలా కనిపించాయి, బావమరిది రోజూ సాయంత్రం ఏరి ఒక కవర్ నింపాడు. అక్కడ ఒక చెత్తబుట్ట, ఒక బోర్డు పెడితే సరిపోయే పని. రాళ్లు విపరీతంగా జారతాయి, స్పోర్ట్స్ షూస్ పనికిరావు, అడుగున ఫెల్ట్ ఉన్న బూట్లు అద్దెకి ఇస్తున్నారు, తీసుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గాలం వేయకపోవడమే మంచిది, నీళ్లు వెచ్చబడితే చేప తేరుకోవడం కష్టం, ఎలాగూ ఆ టైమ్‌లో పడటం తక్కువ.

మార్కులు అడిగితే, మా గైడ్‌కి 5కి 5. తిండికి 4.5. రాత్రి కాపలాకి 5, ఇది ఏ రివ్యూలోనూ ఎవరూ రాయరు గానీ మొదట రాయాల్సింది. సామానుకి, అంటే కొక్కేలు, వలలకి 1. అతిథుల్ని అదుపులో పెట్టడానికి 1.5. అన్నీ కలిపి 3.5 ఇచ్చాను. వచ్చేటప్పుడు మేనేజర్‌కి ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చాను, ఒకే కొక్కెం, ఎదురుముల్లు లేకుండా, రబ్బరు వల, మొదటి గంటలో క్లాసు, చేప నీళ్లలో ఉండగానే ఫోటో. సీజన్ మారేలోపు చేస్తామన్నాడు. సెప్టెంబర్ ఆఖర్లో ఫోన్ చేసి అడుగుతాను. చేశామంటే నవంబర్‌కి బుక్ చేసుకుని, వచ్చాక ఇక్కడే క్యాంపు పేరుతో సహా రాస్తాను. చేయలేదంటే బుకింగ్ దాజ్యూ ఏ క్యాంపులో ఉంటే ఆ క్యాంపుకి. బావమరిది ఇప్పటికే ఒక పటకారు కొని, ఇంట్లో కూర్చుని నా డబ్బాలో కొక్కేల ముళ్లన్నీ నొక్కేస్తున్నాడు.